ఒక పాదం చదునుగా ఉంటే నడుము నొప్పి వస్తుందా?
ఆరు నెలలుగా నడుము కుడివైపు పట్టేసినట్టు ఉంటోంది. ఎక్స్‌రేలో వెన్నుపూసలు బాగానే ఉన్నాయన్నారు. మొన్న తడి కాళ్లతో గచ్చు మీద నడిస్తే ఎడమ పాదం అచ్చులో మధ్య ఒంపు కనిపించింది, కుడి పాదం మాత్రం మొత్తం అచ్చు పడింది. మునివేళ్ల మీద లేస్తే అక్కడా ఒంపు వస్తోంది. కుడి చెప్పు లోపలివైపే అరుగుతోంది కూడా (ఇన్నాళ్లూ చెప్పులదే తప్పనుకున్నా!).

పాదం లోపలికి వాలితే కాలు మొత్తం లోపలికి తిరిగి, కాస్త పొట్టిదైనట్టయి, కటి ఆ పక్కకి ఒరుగుతుందని, దాన్ని సర్దుకోవడానికి వెన్ను వంగుతుందని చదివాను. నిజంగా నొప్పి పుట్టేంత తేడా వస్తుందా? ఇలాంటి సమస్య ఉన్నవాళ్లు చెప్పండి, ఆర్చ్ సపోర్ట్ (పాదం ఒంపుకి ఆసరాగా చెప్పులో పెట్టుకునే మెత్త) వేసుకుంటే తగ్గిందా, పాదం వ్యాయామాలతోనా? సపోర్ట్ ఒక్క కాలికే చాలా, రెండింటికీ వేసుకోవాలా? ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోవాలా, ఎముకల డాక్టర్‌కా?