తంగేడు గింజలు మొలకెత్తడం లేదు, ఏం చేయాలి?

బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు పూలు ఒకప్పుడు మా చెరువు కట్టమీద, చేల గట్లమీద వాటంతట అవే పూసేవి. కలుపు మందులతో గునుగు, కట్ట వెడల్పు పనులతో తంగేడు పోయి, ఇప్పుడు ఆ పూలను సంతలో కొనవలసి వస్తోంది. కట్టకు ఆ పసుపు రంగు తిరిగి రావాలని మా అందరి కోరిక.

నిరుడు జూన్‌లో నేరుగా చల్లిన గింజల్లో ఒక్కటీ మొలవలేదు. ఈ ఏడు 24 గంటలు చన్నీటిలో నానబెట్టి, సంచుల్లో వేసిన 100 గింజలలో 20 రోజులకు 6 మాత్రమే మొలిచాయి. మిగిలినవాటిని తవ్వి చూస్తే కొంచెమైనా ఉబ్బకుండా రాయిలా ఉన్నాయి కనుక, లోపం మట్టిలో కాక గింజ పైపొరలోనే ఉందని నా అభిప్రాయం.

తంగేడు నారు పెంచిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: ఆ పొర మెత్తబడడానికి గింజలను ఎంత వేడి నీటిలో, ఎంతసేపు ఉంచాలి?