గోడో రిఫరెన్స్ మాన్యువల్‌ని పుస్తకంగా అచ్చు వేయించాలి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

పాలకొల్లు_పిక్సెల్:
అందరికీ నమస్కారం. మా ఊళ్లో పాలిటెక్నిక్ పిల్లలకు సాయంత్రం పూట గోడో ఇంజన్ (కంప్యూటర్ ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్పుతున్నాను. ల్యాబ్‌లో నెట్ నిలకడగా ఉండదు. ఎడిటర్లో ఎఫ్1 నొక్కితే నెట్ లేకపోయినా క్లాసుల (ఇంజన్‌లోని రెడీమేడ్ కోడ్ భాగాల) వివరాలు వస్తాయి గానీ, స్క్రీన్లు చిన్నవి. కోడ్ చూస్తే హెల్ప్ కనపడదు, హెల్ప్ తెరిస్తే కోడ్ కనపడదు. పక్కన పుస్తకం ఉంటే పిల్లలు గీతలు గీసుకుంటారు, అంచుల్లో రాసుకుంటారు. రిఫరెన్స్ మొత్తం తెలుగు వివరణలతో వేయించాలని ఉంది. హక్కుల ఇబ్బంది ఏమైనా వస్తుందా? ఇలాంటిది ఎవరైనా చేయించారా?

రావిచెట్టు:
హక్కుల గురించి భయపడక్కర్లేదండీ, అమ్ముకున్నా తప్పులేదు. అయితే లైసెన్సులు రెండున్నాయి. పాఠాలూ ట్యుటోరియల్సూ క్రియేటివ్ కామన్స్ బై 3.0 (పేరు చెప్పి వాడుకోనిచ్చే లైసెన్సు) కింద ఉన్నాయి. క్లాస్ రిఫరెన్స్ ఇంజన్ సోర్స్ నుంచి తయారవుతుంది కాబట్టి అది ఎంఐటీ అనే మరో స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది. గోడోను తయారుచేసిన హువాన్ లినియెత్స్కీ, ఆరియెల్ మన్సూర్, గోడో కమ్యూనిటీ పేర్లు, లైసెన్సు లింకు, మీరు మార్పులు చేశారన్న మాట రెండో పేజీలో వేయండి. ఎంఐటీ భాగానికి దాని లైసెన్సు పాఠం పూర్తిగా అచ్చు వేయాలి. ఇది అధికారిక ప్రచురణ కాదని కూడా ఒక లైను చేర్చండి.

అమీర్‌పేట_అన్న:
మొత్తం వెయ్యకు తమ్ముడూ. వందల క్లాసులున్నయి, అందులో పిల్లలు రోజూ ముట్టేవి తక్కువ. పైగా మారిపోతయి. గోడో 3 వెర్షన్ నుంచి 4కు వచ్చేసరికి కైనమాటిక్‌బాడీ2డి పోయి క్యారెక్టర్‌బాడీ2డి అయింది, స్పేషియల్ పోయి నోడ్3డి వచ్చింది, యీల్డ్ బదులు అవెయిట్ పెట్టిన్రు. మూవ్_అండ్_స్లైడ్‌కు ఇప్పుడు బ్రాకెట్లల్ల ఏం ఇయ్యద్దు, వెలాసిటీని ముందే సెట్ చేసుకోవాలె. 4.3లనే టైల్‌మ్యాప్‌ను పక్కకు పెట్టి టైల్‌మ్యాప్‌లేయర్ వాడమన్నరు. పాత 3 పుస్తకం పట్టుకొని 4ల కోడ్ రాసిన పిల్లగాడు ఎర్ర లైన్లు చూసి తనకే రాదనుకుంటడు. అది చూస్తే నాకు మస్తు బాధ అయితది.

లువా_అభిమాని:
అన్న మాట నిజమే, కానీ మారనిది వేస్తే పుస్తకం నిలుస్తుంది. లువా అనే ప్రోగ్రామింగ్ భాష 5.1 వెర్షన్ రిఫరెన్స్ మాన్యువల్ 2006లో అచ్చయింది. ఆటలు తయారుచేసే లవ్2డి వాడే లువాజిట్ (లువా కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) 5.1 భాషనే పట్టుకుని ఉంది కాబట్టి ఆ పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది. మీరూ వెక్టర్2, అర్రే, డిక్షనరీ, సిగ్నల్స్, నోడ్, సీన్‌ట్రీ, ఇన్‌పుట్ లాంటివి పుస్తకంలో పెట్టండి. టైల్స్, రెండరింగ్ లాంటివి విడి కరపత్రంగా ఇవ్వండి, మారినప్పుడు అదొక్కటీ మళ్లీ వేసుకోవచ్చు.

బెజవాడ_అచ్చు:
విజయవాడలో డీటీపీ, అచ్చు పనిలో ఉన్నాను. కంప్యూటర్ పుస్తకాలు కొన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సైజు. అందరూ డెమ్మీ 1/8 (మామూలు నవల సైజు) అడుగుతారు. కథల పుస్తకానికి అది బాగుంటుంది, కోడ్‌కి చాలదు. 8 పాయింట్లలో పెట్టినా వరుసకు 60 పైచిలుకు అక్షరాలే పడతాయి. గోడో వాళ్ల స్టైల్ గైడ్ 100 లోపు, వీలైతే 80 లోపు రాయమంటుంది. పొడుగు లైను విరిగి కిందికి దిగితే, గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్‌లో ఇండెంట్‌కే (వరుస మొదట్లో వదిలే ఖాళీకే) అర్థం ఉంది కాబట్టి, అది ఇండెంటో విరుపో పిల్లలకు తెలీదు. దానికన్నా వెడల్పైన క్రౌన్ 1/4 సైజు తీసుకోండి, 80 అక్షరాలు హాయిగా పడతాయి.

ఎడిటర్ బొమ్మలు నల్ల థీమ్‌లో ఉన్నవి ఉన్నట్టు వేయకండి. 70 జీఎస్ఎం మ్యాప్లితో కాగితం మీద సిరా ముద్దయి మెనూ అక్షరాలు పూడుకుపోతాయి, వెనక పేజీలో కూడా నీడ కనిపిస్తుంది. ఎడిటర్ సెట్టింగ్స్‌లో లైట్ థీమ్ పెట్టి బొమ్మలన్నీ కొత్తగా తీయండి. శ్రమే, కానీ ఈ ఒక్క పనితో పుస్తకం రూపు మారిపోతుంది.

పీడీఎఫ్ సంగతి: గోడో డాక్స్ స్ఫింక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారవుతాయి. అందులో పీడీఎఫ్ చేసే మామూలు పనిముట్టు పీడీఎఫ్‌లేటెక్స్‌తో తెలుగు ఒత్తులు కుదరవు, దాని బదులు జీలేటెక్స్ ఎంచుకుని మండలి ఫాంటో నోటో తెలుగో ఇవ్వండి. లింకులు కాగితం మీద నొక్కలేం కదా, వాటిని ఫుట్‌నోట్లుగా దించే సెట్టింగ్ స్ఫింక్స్‌లోనే ఉంది. సీ షార్ప్ అనే ఇంకో భాషలో ఉన్న ఉదాహరణలు తీసేస్తే పేజీలు బాగా తగ్గుతాయి.

బైండింగ్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. గమ్ బైండింగ్ పుస్తకం కీబోర్డు పక్కన తెరిచి పెడితే మూసుకుపోతుంది, బలవంతంగా విప్పితే కాగితాలు ఊడతాయి. 16 పేజీల ఫారాలుగా మడిచి సెక్షన్ కుట్టు వేయించండి. వంద కాపీల లోపయితే డిజిటల్, ఐదొందలు దాటితే ఆఫ్‌సెట్. మొదట డమ్మీ (నమూనా కాపీ) ఒకటి చేయించి పిల్లల చేతికివ్వండి, వాళ్లు ఏ పేజీ దగ్గర తడుముకుంటున్నారో చూశాకే అచ్చు ప్లేట్లకు వెళ్లండి.

కాకినాడ_కోడ్:
విషయసూచిక కన్నా వెనక అకారాది ముఖ్యం. ఫంక్షన్ పేర్లతో ఒకటి, "దూకడం", "ఢీకొనడం", "స్కోరు దాచడం" లాంటి తెలుగు పనులతో ఇంకొకటి వేయండి. కొత్తవాళ్లకు పేరు తెలీదు, పని తెలుసు.

పాలకొల్లు_పిక్సెల్:
అందరికీ ధన్యవాదాలు. 4.3కే కట్టుబడి, ముఖ్యమైన క్లాసులతో డమ్మీ మొదలుపెడతాను. రెండు అకారాదుల ఆలోచన చాలా నచ్చింది. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) తీసుకోవాలా?

రావిచెట్టు:
తరగతిలో పంచడానికైతే అవసరం లేదు. షాపుల్లో, ఆన్‌లైన్లో అమ్మాలంటే తీసుకోండి. మన దేశంలో ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే చాలు. ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చు వేస్తే అదే నంబరు నడుస్తుంది. ఇంజన్ కొత్త వెర్షన్‌కి మార్చి వేస్తే మాత్రం కొత్త నంబరు తీసుకోవాలి. అట్ట మీద వెర్షన్ పెద్దక్షరాల్లో వేయడం మరచిపోకండి.