అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో గోల్కొండ

అమ్మమ్మ, ఐదేళ్ల పాప ఇద్దరినీ తీసుకెళ్లొచ్చా అని ఇంతకుముందు అడిగాను. వెళ్లొచ్చాం. వెళ్లొచ్చు, కానీ అందరూ పైకెక్కాలని పట్టుబట్టకండి.

కొండ పైన ఉన్న బారాదరి (దర్బారు మండపం) దాకా 350కి పైగా మెట్లు. ఎత్తులు సమానంగా ఉండవు, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్లకు కష్టం. పెద్దవాళ్లకు కిందే రాణీమహల్ వైపు చాలు, నేల దాదాపు చదునుగా ఉంటుంది. రామదాసు చెరసాల మెట్ల దారి మధ్యలో వస్తుంది; ఓపికుంటే అక్కడిదాకా వెళ్లి వెనక్కి రావచ్చు.

కింద కొట్టిన చప్పట్లు కొండ పైన వినిపించే ప్రయోగం మాత్రం వదలొద్దు. ఒకరు లోపలికి వెళ్లే బాలాహిస్సార్ ద్వారం గుమ్మటం కింద సరిగ్గా మధ్యలో నిలబడి కొట్టాలి, మరొకరు పైన వినాలి. పక్కకు జరిగితే శబ్దం పైకి చేరదు. జనం ఎక్కువైతే ఎవరి చప్పుడు ఎవరిదో తెలియదు, అందుకే గేటు తెరవగానే వెళ్లండి. ఎండ తప్పడం ఇంకో లాభం.

పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. నీళ్లు కిందే నింపుకోండి. దగ్గర్లోని కుతుబ్‌షాహీ సమాధులు (గోల్కొండ నవాబులవి) కూడా చూడాలంటే శుక్రవారం వద్దు, ఆరోజు సెలవు.