విదేశీ క్యాడెట్ల ముందు సాగర్ గొడవ చెప్పవచ్చా?

మిర్యాలగూడ నుంచి ఒక క్యాడెట్ తండ్రి:

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ ఎన్‌సీసీలో ఉన్నది. వివిధ దేశాల క్యాడెట్లు కలిసి జాతీయ భద్రతపై మాట్లాడుకునే ఒక సమావేశానికి ఎంపికై ఈమధ్యే వెళ్లి వచ్చింది. అక్కడ ఈజిప్టు క్యాడెట్ ఒకరు, తమకు నైలు నదే ప్రాణమనీ, ఎగువన ఇథియోపియా కట్టిన ఆనకట్ట వల్ల నీళ్ల సంగతి తమకు భద్రత సంగతి అయిందనీ చెప్పి, “మీ ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?” అని మా అమ్మాయిని అడిగాడట. మాది కృష్ణా నది మీది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది పొలం. 2023 నవంబరు 29 రాత్రి, తెల్లవారితే మన తెలంగాణ శాసనసభ పోలింగు అనగా, రెండు రాష్ట్రాల నీళ్ల తగాదాలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు డ్యాం మీదికి వచ్చి 26 గేట్లలో 13 గేట్ల వరకు తమ అధీనంలోకి తీసుకున్న సంగతి ఆమె చెప్పబోయింది. రెండు వాక్యాలు పూర్తయ్యాయో లేదో, బృందం వెంట వెళ్లిన అధికారి వద్దన్నట్టు చేయి అడ్డంగా ఊపారు. ఆమె “మా దగ్గర అటువంటి సమస్యలేమీ లేవు” అని చెప్పి కూర్చున్నది. ఇంటికి వచ్చాక, “నాన్నా, నేను అబద్ధం చెప్పినట్టేనా?” అని అడిగితే నాకు జవాబు తోచలేదు. పెద్దలు చెప్పగలరు.

నల్లగొండ నుంచి ఒక విశ్రాంత సుబేదార్:

తమ్ముడూ, ఆ అధికారి చేసింది సరైన పనే. యూనిఫాం వేసుకొని పరాయి దేశం వాళ్ల ముందు నిలబడిన పిల్ల మీ అమ్మాయి మాత్రమే కాదు, ఆ గంటసేపు ఆమె భారతదేశం. ఇంటి గుట్టు లంకకు చేటు అని మన పెద్దలు ఊరికే అనలేదు. నేను సరిహద్దు పోస్టుల్లో పనిచేసినవాణ్ని. అవతలివాడికి పెద్ద రహస్యం ఒక్కటీ దొరకనక్కరలేదు, పది మంది నోట జారిన పది చిన్న మాటలను ఒకచోట చేర్చుకుంటే చాలునని మాకు మొదటి రోజుల్లోనే నేర్పారు. డ్యాం అంటే కాపలా ఉండే చోటు. అక్కడ ఎవరు ఎవరిని ఆపారో, ఏ గేటు దాకా వచ్చారో మనంతట మనమే చెప్పడం ఏమి క్రమశిక్షణ? మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చింది ఈ దేశం ఒక్కటిగా కనబడాలనే.

మహబూబ్‌నగర్ నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు (కళాశాలలో ఎన్‌సీసీ అధికారిగా పనిచేసినవాడు):

సుబేదార్ గారికి నమస్కారం. సరిహద్దులో మీరు నేర్చుకున్నదాన్ని కాదనే అర్హత నాకు లేదు. అయినా, మీరు సైనికుడికి చెప్పవలసిన మాటను విద్యార్థికి చెబుతున్నారని నా అభ్యంతరం. 1948 నాటి ఎన్‌సీసీ చట్టం ప్రకారం క్యాడెట్‌కు సైన్యంలో పనిచేయవలసిన బాధ్యత లేదు. చైనా యుద్ధం తరువాత 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్‌సీసీని తప్పనిసరి చేసినా, 1968లో మళ్లీ ఐచ్ఛికమే చేశారు. ఇష్టపడి వచ్చిన పిల్లలకు కవాతుతో పాటు ఆలోచన కూడా నేర్పాలి కదా!

ఇక రహస్యమంటారా, ఆ రాత్రి జరిగినదంతా మరునాడు మన పత్రికలన్నింటిలోనూ ఫొటోలతో సహా వచ్చింది. ఆ రాత్రి డ్యాం మీద ముళ్లకంచె ఎక్కడ వేశారో హాలియా టీ కొట్లో కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతిని లేదని చెబితే, ఆ ఈజిప్టు అబ్బాయి గదికి వెళ్లి ఫోనులో వెతుక్కున్న మరుక్షణం మన పిల్ల మాటకు విలువ పోతుంది, ఆ తరువాత ఆమె నిజం చెప్పినా నమ్మడు. అమెరికా వెస్ట్‌పాయింట్ అకాడమీలో 1949 నుంచి విద్యార్థి సదస్సు నడుస్తున్నది; జపాన్ రక్షణ అకాడమీ కూడా యొకొసుకాకు విదేశీ క్యాడెట్లను పిలిచి మాట్లాడిస్తుంది. రేపు అధికారులు కాబోయేవాళ్లు ఒకరి ఆలోచన మరొకరు తెలుసుకోవాలన్నదే వీటి ఉద్దేశం; ప్రభుత్వాల ప్రకటనలు అప్పజెప్పించడానికైతే అంత దూరం నుంచి పిల్లలను రప్పించనక్కరలేదు.

అసలు ఆ అమ్మాయిని కథ చివరిదాకా చెప్పనివ్వవలసింది. రెండు రాష్ట్రాల పోలీసులు ఒకే ఆనకట్ట మీద ఎదురెదురుగా నిలబడ్డారు; అయినా తుపాకీ పేలలేదు. కేంద్రం మాట్లాడి సీఆర్‌పీఎఫ్ బలగాలను మధ్యలో నిలిపింది, తగాదా మళ్లీ కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ముందుకు, ఢిల్లీ సమావేశాలకు వెళ్లింది. నీళ్ల పంపకం ఇప్పటికీ తెగలేదు, నిజమే. ఆ యాసంగిలో సాగర్‌లో నీళ్లు అడుగంటి ఆయకట్టు రైతులు ఎంత నలిగారో మిర్యాలగూడ వారికి నేను చెప్పనక్కరలేదు. కానీ నైలు మీద రెండు దేశాలు ఏళ్ల తరబడి ఒప్పందానికి రాలేక కూర్చున్నాయని బాధపడుతున్న కుర్రాడికి, కోపాన్ని బోర్డు దాకా, ట్రిబ్యునల్ దాకా నడిపించుకుపోయే ఏర్పాటు మా దగ్గర ఉన్నదని చెప్పడం కంటే దేశానికి గౌరవం ఏముంటుంది? అది ఇంటి గుట్టు కాదు సార్, ఇంటి కట్టుబాటు.

భువనగిరి నుంచి ఒక మాజీ క్యాడెట్:

నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. పదిమందిలో ఇంగ్లిషులో నోరు తెరవడానికి నాకు రెండు క్యాంపులు పట్టింది. మొదటిసారి ధైర్యం చేసినప్పుడు అట్లా చేయి అడ్డం పెడితే, మాలాంటి వాళ్లు మళ్లీ లేవరు. దయచేసి ఆ చెల్లెలికి ఆమెది అబద్ధం కాదనీ, భయమనీ చెప్పండి.

నల్లగొండ విశ్రాంత సుబేదార్:

సార్ చెప్పినదాంట్లో ఒక మాట నాకు తగిలింది: పత్రికల్లో వచ్చినదాన్ని లేదనడం తప్పే, అది నేను ఒప్పుకుంటాను. ఇవతల ఎంతమంది కాపలా ఉన్నారు, ఎక్కడ నిలబడతారు, ఏ దారిన వస్తారు అన్నవి మాత్రం ఎవరు అడిగినా, ఎంత స్నేహంగా అడిగినా చెప్పకూడదు. అక్కడ నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయను. ఆ గీత ఎక్కడుందో పిల్లలకు బయలుదేరకముందే చూపించాలి, అంతేగాని బల్ల దగ్గర సైగతో కాదు. మిర్యాలగూడ తమ్ముడూ, అమ్మాయి అక్కడ చెప్పాలనుకున్న మాటలు మొత్తం రాసి ఇక్కడ పెట్టమను. ఏ వాక్యం ఉండవచ్చో, ఏది తీసేయాలో నేనూ సారూ చెరొక వైపు కూర్చొని చూస్తాం.