ఎడమ ముందు టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతోంది, టో సరిగ్గానే ఉంది

మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, టైర్ సైజు 165/80 ఆర్14, గాలి ఎప్పుడూ 33. ఎడమ ముందు టైరు 14,000 కిలోమీటర్లకే లోపలి అంచున దాదాపు బోడి అయిపోయింది. బయటి అంచు కొత్తదానిలా ఉంది. కుడి వైపు టైరు సమంగానే అరిగింది. చేత్తో తడిమితే అరిగిన చోట నున్నగా ఉంది, రంపం పళ్లలా గరుకు తగలడం లేదు. అందుకే ఇది టో (పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సమస్య కాదని నా అనుమానం. 60 దాటాక బండి కొద్దిగా కుడికి లాగుతోంది.

అలైన్‌మెంట్ చేయించాను. రిపోర్టులో టో రెండు వైపులా పచ్చగానే, అంటే పరిమితిలోనే ఉంది. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి వాలిన కోణం, మైనస్ అంటే పై భాగం లోపలికి) మాత్రం ఎడమ మైనస్ 1.8 డిగ్రీలు, కుడి మైనస్ 0.6. "ఈ బండికి క్యాంబర్ అడ్జస్ట్‌మెంట్ ఉండదండీ" అని షాపువాళ్లు చేతులెత్తేశారు. ముందు టైర్లు ఎడమ కుడి మార్చి చూశాను, లాగడం అలాగే ఉంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్ చెక్ చేయిస్తే ఆట లేదన్నారు. వీల్ బేరింగ్ చప్పుడు లేదు, స్ట్రట్ (స్ప్రింగ్‌తో కలిసి ఉండే షాక్ అబ్జార్బర్) నుంచి ఆయిల్ కారడం లేదు. స్టీరింగ్ యాక్సిస్ ఇంక్లినేషన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ అక్షం మీద తిరుగుతుందో అది లోపలికి వాలిన కోణం) రెండు వైపులా ఒకేలా వచ్చింది కాబట్టి క్రాస్‌మెంబర్ (లోయర్ ఆర్మ్‌లు బిగించే అడ్డ ఫ్రేమ్) జరిగి ఉండదు.

ఇక మిగిలింది స్ట్రట్ లేదా నకుల్ (చక్రం హబ్‌ను పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం). మెకానిక్ రెండూ మార్చేద్దాం అంటున్నాడు, డబ్బు మనదే కదా!

వంగింది స్ట్రట్టా, నకులా అని పార్టులు కొనకముందే తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?