సగంలో ఉన్న మ్యూరల్ ఆరు వారాలు ఆపాలి. గోడను ఎలా వదిలి వెళ్ళాలి?

నీలిరంగు (ప్రశ్న):
30 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న బయటి గోడ మీద ఆర్డర్‌కు చేస్తున్న అక్రిలిక్ మ్యూరల్. ఎడమ సగంలో ఆకాశం, చెట్లు వచ్చాయి. కుడివైపు ఇంకా ప్రైమరే (రంగుకు ముందు వేసే తొలి పూత). రెండు మనిషి బొమ్మలు (ఒక్కోటి 5 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు) సుద్ద గీతల్లోనే ఉన్నాయి. అమ్మకు కీమో మొదలైంది. ఆరు వారాలు గోడ దగ్గరికి వెళ్ళడం కుదరదు. ఇంట్లో మాత్రం రోజుకు రెండు గంటలు దొరకొచ్చు. గోడ పాడవకుండా ఏం చేయాలి? కలిపిన రంగులు నిలవుంటాయా? క్లయింట్‌కు ఏమని చెప్పాలి?

గోడమేస్త్రి:
అమ్మగారు త్వరగా కోలుకోవాలండీ.

వీలైతే ఇంకొక్క రోజు గోడకు కేటాయించండి. ప్రైమర్ ఎండావానలకు తట్టుకునే పూత కాదు, దుమ్ము పట్టి పొడి రాలడం మొదలవుతుంది. కుడివైపు మొత్తం ఏదో ఒక బేస్ రంగుతో మూసేయండి. ఆపేది కూడా ఒక ఆకారం అంచు దగ్గరే ఆపండి: చెట్టు మాను, కొండ గీత, మబ్బు అంచు. ఆకాశంలో ఒక రంగు ఇంకో రంగులోకి కరిగే చోట ఆపితే, తర్వాత ఎంత జాగ్రత్తగా కలిపినా అతుకు కనిపిస్తుంది. సుద్ద గీతలు మొదటి వానకే పోతాయి కాబట్టి పలచటి అక్రిలిక్‌తో మళ్ళీ గీసి, కొలతకు గీసుకున్న గళ్ళతో సహా ఎదురుగా నిలబడి ఫొటోలు తీసుకోండి.

పాలిథిన్ మాత్రం కప్పొద్దు. చెమ్మ లోపలే నిలిచి పూత మెత్తబడుతుంది, ఎండకు షీటే అంటుకుపోతుంది. మధ్యలో వార్నిష్ కూడా వద్దు, దాని మీద వేసే రంగుకు పట్టు తక్కువ.

తిరిగొచ్చాక మెత్తటి బ్రష్, కొద్దిగా డిష్ సోప్ కలిపిన నీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వండి. తెల్లగా ఉప్పు పొంగి ఉంటే ముందు పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్ళు పోస్తే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. గోడలో చెమ్మ ఉందని అనుమానంగా ఉంటే 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేప్‌తో అంటించి 16 గంటలు ఉంచండి. లోపల తడి కనిపిస్తే గోడ ఇంకా సిద్ధంగా లేనట్టే.

రంగులడబ్బా:
గాలి చొరని చిన్న డబ్బాల్లో అంచు వరకు నింపి, రంగు మీదే పలచటి ప్లాస్టిక్ పొర పరిచి మూత పెట్టండి. నీళ్ళు కలిపినవి దాచకండి, వాటిలో ఉండే ప్రిజర్వేటివ్ పలచబడి బూజు పడుతుంది. ప్రతి డబ్బాకూ ఆరిన రంగు ముక్క అంటించి, పాళ్ళు రాయండి. అక్రిలిక్ ఆరాక ముదురుతుంది, తడి రంగు చూసి సరిపోల్చితే తప్పు వస్తుంది. ఆకాశం రంగు మాత్రం లెక్కకంటే పావు వంతు ఎక్కువే కలిపి పెట్టుకోండి.

గుడ్డమీదిబొమ్మ:
ఆ రెండు గంటలు వృథా కాకుండా మనుషుల బొమ్మలు ఇంట్లోనే వేయొచ్చు. పలచటి నాన్-వోవెన్ (నేయకుండా తయారైన) పాలిస్టర్ గుడ్డ దొరుకుతుంది, మ్యూరల్ వాళ్ళు పారాచూట్ క్లాత్ అంటారు. ఫిలడెల్ఫియాలో 1984లో మొదలైన మ్యూరల్ ఆర్ట్స్ కార్యక్రమం ఈ పద్ధతినే వాడుతుంది. జైల్లో ఉన్నవాళ్ళు లోపల వేసిన ప్యానెళ్ళను బయట గోడలకు అంటిస్తారు.

5 అడుగుల చదరపు ముక్కలైతే మీ ఒక్కో బొమ్మకు రెండు చాలు. జోడింపు గీత ముఖం మీదకు రాకుండా కాళ్ళవైపు, బట్టల మడతల్లోకి వచ్చేలా చూసుకోండి. గుడ్డకు అక్రిలిక్ ప్రైమర్ కొట్టి, గోడకు వాడిన రంగులతోనే వేయండి. దాచేటప్పుడు పెయింట్ ఉన్న వైపు బయటికి వచ్చేలా లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టి, మధ్యలో పాలిథిన్ పెట్టండి. అక్రిలిక్ మీద అక్రిలిక్ ఆనితే వేడికి అతుక్కుంటుంది, విడదీస్తే బొమ్మ ఊడుతుంది.

అంటించేటప్పుడు నలుచదరంగా కాకుండా బొమ్మ అంచు వెంబడే కత్తిరించండి. అక్రిలిక్ జెల్ (జిగురులా పనిచేసే చిక్కటి అక్రిలిక్) గోడకూ గుడ్డ వెనకా రెండిటికీ పూసి, మధ్యనుంచి అంచులకు రబ్బరు స్క్వీజీతో నొక్కండి. బుడగ మిగిలితే బ్లేడు మొనతో గుచ్చి నొక్కాలి. నేరు ఎండలో చేయొద్దు, పట్టేలోపే జెల్ ఆరిపోతుంది. చివరగా అంచుల మీద జెల్ రాసి, ఆరాక బొమ్మ చుట్టూ ఉన్న గోడ రంగును అంచు మీదికి కొద్దిగా తెండి.

నీలిరంగు:
ఇది బాగుందండీ. ఇంట్లో అమ్మ ఉండగా వేయడం ప్రమాదమా?

వెలుగుగది:
నీటి అక్రిలిక్‌ను కుంచెతో, వేరే గదిలో, కిటికీలు తెరిచి వేస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా ఆమె డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. స్ప్రే క్యాన్లు, థిన్నర్, సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) మాత్రం ఇంట్లో అస్సలు వద్దు. బూజు పట్టిన గోడ గీకే పని ఉంటే అది ఇంకొకరికి అప్పగించండి. కీమోలో తెల్లకణాలు పడిపోయినప్పుడు ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు ఊపిరితిత్తులకు ఎక్కితే తీవ్రమైన ఇన్ఫెక్షన్ వస్తుంది. పని బట్టలు మార్చి, చేతులు కడుక్కుని ఆమె దగ్గరికి వెళ్ళండి.

చాలా కీమో మందులకు ఈ కణాలు డోసు తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య బాగా తగ్గుతాయి. మూడు వారాలకోసారి ఇస్తుంటే, మీరు గోడ దగ్గరికి తిరిగి వెళ్ళాక అంటించే పనిని ఒక డోసు తర్వాతి మూడో వారంలో పెట్టుకోవడం మేలు. సైకిల్ (ఒక డోసు నుంచి తర్వాతి డోసు వరకు) తేదీలు అడిగి తెలుసుకోండి.

గోడమేస్త్రి:
క్లయింట్‌కు ఫోన్ చేసి చెప్పండి, అదే రోజు రాతలో కూడా పంపండి. ఎంత పూర్తయింది (ఫొటోలతో), ఏం మిగిలింది, ఇంట్లో ఏ భాగం నడుస్తుంది, కొత్త తేదీ ఎప్పుడు ఖాయం చేస్తారు, ఇవి చాలు. జబ్బు వివరాలు అక్కర్లేదు. కచ్చితంగా తెలియని ముగింపు తేదీ ఇవ్వకండి, దాని బదులు సమాచారం ఇచ్చే తేదీ ఇవ్వండి. అయిన పనికి బిల్లు ఇప్పుడే పెట్టండి. పరంజా అద్దెదైతే విప్పించేయండి, ఖాళీగా నిలబడినా అద్దె పెరుగుతూనే ఉంటుంది.