ఎగ్‌నాగ్‌లో ఆ ‘నాగ్’ ఎవరిది?

గోదారిగట్టు: క్రిస్మస్‌కి అమెరికాలో తాగే ఎగ్‌నాగ్ మీద ఓ పాత ఇంగ్లిష్ పద్యం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. మంచు పట్టిన పొద్దున ఓ చుక్క, అంతకంటే మేలు ఎగ్‌నాగ్, రాత్రికి వేడివేడిగా ఏదో... మధ్యాహ్నానికి ఏమిటి? అన్నట్టు ‘నాగ్’ అంటే ‘గ్రాగ్’, నీళ్ళు కలిపిన రమ్ము, అనే కదా?

పాతబీరువా: మధ్యాహ్నానికే గ్రాగ్! పద్యం జోనథన్ బౌచర్‌ది. మేరీలాండ్ పాదిరీ, 1775 ప్రాంతంలో రాశాడు, ఆయన పోయాక గానీ అచ్చు కాలేదు. నాగ్‌కీ గ్రాగ్‌కీ అంత్యప్రాస కట్టి మరీ వేర్వేరు పూటలకు పంచాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

తెనాలి: పైగా గ్రాగ్ 1740లో అడ్మిరల్ వెర్నన్ నావికుల రమ్ములో నీళ్ళు పోయించాక పుట్టిన మాట. ‘నాగ్’ అంతకు ముందే ఉంది, ఇంగ్లండులోని నార్‌ఫోక్‌లో కాచే ఘాటు బీరు పేరు.

గోదారిగట్టు: బీరెక్కడుందండీ అందులో? రమ్మూ బ్రాందీ కదా పోసేది. అయితే నా ఓటు ‘నాగిన్’కి. చిన్న చెక్క లోటా.

డాలస్ అక్క: తాగేవాళ్ళెవరూ లోటా చూడరు తమ్ముడూ. పచ్చసొన, పంచదార కలిపి రంగు తేలిపోయేదాకా గిలక్కొట్టాలి. వేడి పాలు గరిటెడు గరిటెడుగా పొయ్యాలి, ఒక్కసారి గుమ్మరిస్తే గుడ్డు పొరటే. సన్నసెగ మీద 71 డిగ్రీలు రాగానే దించి, చల్లారాక క్రీము, రమ్ము, పైన జాజికాయ పొడి.

తెనాలి: దీని తాత ‘పాసెట్’లో పాలు విరగాల్సిందేనమ్మా! వైనో బీరో పోసి విరగ్గొట్టేవాళ్ళు. షేక్‌స్పియర్ నాటకంలో లేడీ మాక్‌బెత్ కాపలావాళ్ళకు మత్తుమందు కలిపింది అందులోనే. బీరు అక్కడుంది చూశారా?

పాతబీరువా: పాసెట్ సరే, బౌచర్‌ని వదలకండి. పొటోమాక్ ఒడ్డు పొగాకు దొరల యాసను పద్యంలో పెట్టాడు. మన శ్రీనాథుడు పల్నాడు తిండిని ఎక్కించలేదూ? ‘కుసుమాస్త్రుండైన జొన్నకూడే కుడుచున్’, మన్మథుడైనా అక్కడ జొన్నకూడే తినాలట.

తెనాలి: ‘గుడుచున్’ అనాలి. గసడదవాదేశం, ‘క’ కాస్తా ‘గ’ అవుతుంది.

పాతబీరువా: అది బహుళం కదండీ మాస్టారూ, జరగొచ్చు, జరక్కపోవచ్చు. మా తాతగారు ‘కుడుచున్’ అనే చదివేవారు.

తెనాలి: తాతగారి మాట కాదండీ, తాళపత్రం చూపించండి.

గోదారిగట్టు: ఇంతకీ నాగిన్‌కి ఎవరైనా ఓటేశారా?

డాలస్ అక్క: జొన్నకూడులోకి నంజుకోడానికేమిటో అదన్నా చెప్పండి.